మాల కింద గుండె

నాకు కోపం ఎక్కువ. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. చిన్నప్పుడు మా అమ్మ, దీని నెత్తిన నీళ్లు పోస్తే సుయ్‌మంటాయి, అనేది. డాక్టరయ్యాక తగ్గుతుందని ఆశపడ్డారు పాపం. తగ్గకపోగా క్యాజువాలిటీలో ఉద్యోగం దొరికింది. అక్కడ అరవడానికి రోజూ ఏదో ఒక కారణం ఉండేది, అరిచినందుకు ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆ రోజుల్లో నేను పనిచేసింది పంజాగుట్టలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్. ఉండేది అమీర్‌పేటలో, ఒక లేడీస్ హాస్టల్లో. ఊరు ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న కాలం అది. కరెంటు స్తంభం ఏ రంగుదో కనపడనంతగా కోర్సుల పోస్టర్లు అంటించేవాళ్లు. మా గదిలో మిగతా అమ్మాయిలంతా పొద్దున్నే ఉప్మా తిని ఇన్‌స్టిట్యూట్లకు పరిగెత్తేవాళ్లు. నా తెల్ల కోటు చూసి, "ఇన్నేళ్లు చదివి నెలకింతేనా అక్కా, నువ్వు కూడా మాతో వచ్చి జావా నేర్చుకో" అని ఆటపట్టించేవాళ్లు. వాళ్లకి నిజంగానే నా మీద జాలి.

తర్వాత అమెరికాలో కంపెనీలు కూలాయి. ఇక్కడ మా వీధిలో పోస్టర్లు అలాగే ఉన్నాయి గాని వాటి కింద నిలబడి టీ తాగే పిల్లల ముఖాలు మారిపోయాయి. కొంతమందిని కంపెనీలు బెంచీ మీద కూర్చోబెట్టాయి, అంటే జీతం ఇచ్చి పని ఇవ్వకపోవడం. తర్వాత జీతం కూడా ఆపి, ఇక రావద్దన్నాయి. ఆ ఏడాది కార్తీకం వచ్చేసరికి అమీర్‌పేట సందుల్లో ఎటు చూసినా నల్లబట్టలే. ఉద్యోగం రావాలని మొక్కుకున్నవాళ్లు, ఉన్నది పోకూడదని మొక్కుకున్నవాళ్లు, అందరూ అయ్యప్ప మాల వేశారు.

మాల మీద నాకు చిన్నచూపు లేదు, ముందే చెప్తున్నాను. మా నాన్నగారు ఏటా వేసేవారు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, ఒంటిపూట భోజనం. పూజ అయ్యాక పీఠం పక్కనే పెట్టుకున్న బీపీ మాత్ర తీసి వేసుకుని, స్వామియే శరణం అని నీళ్లు తాగేవారు. ఆ నెలలో మా అమ్మ కూడా ఆయన్ని "స్వామీ" అనే పిలిచేది. మాలలో ఉన్నవాళ్లకి పేర్లు ఉండవు. తండ్రిని కొడుకు, కొడుకుని తండ్రి స్వామి అనే పిలవాలి. ఆడవాళ్లు ఎవరు ఎదురైనా "మాతా" అనాలి. నా ఈడు మగపిల్లలు బస్సులో "జరగండి మాతా" అంటుంటే నాకు సరదాగానే ఉండేది. హైదరాబాద్ బస్సుల్లో అంత మర్యాద ఆ నెలలో మాత్రమే దొరికేది.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనం డబ్బా అప్పుడే మూత తీశాను. బయట ఆటోలు ఆగిన చప్పుడు, వెంటనే శరణుఘోష. ఏదో ఊరేగింపు అనుకున్నాను. నల్లబట్టల వాళ్లు ఒక గుంపు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. నలుగురు కలిసి ఒక కుర్రాణ్ణి చేతుల మీద మోస్తున్నారు. వాడు కూడా నల్లపంచెలోనే ఉన్నాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసి ఉన్నాడు. నేలమీద నీళ్లు కారుతుంటే మా సిస్టర్ వెనకే గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలే మాతా. స్వామి పూనిండు. పూనకం దిగినంక కండ్లు తేలేసిండు" అన్నాడు అందరికన్నా పెద్దాయన. నెరిసిన గడ్డం, మెడలో లెక్కలేనన్ని మాలలు. ఆయనే గురుస్వామి, అంటే వీళ్లందరికీ మాల వేసినాయన.

"పేరేంటి?"

"స్వామి" అన్నారు ముగ్గురు ఒకేసారి.

"కేస్ షీటు మీద స్వామి అని రాయమంటారా? ఇక్కడ పదిమంది స్వాములున్నారు."

గుంపులోంచి ఒకతను ముందుకొచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి, కళ్ల కింద నల్లగా ఉంది. "మా తమ్ముడు మాతా. జర స్వామి అనే రాయుండి. మాలల ఉన్నడు, పేరు పెట్టి పిలవొద్దు" అన్నాడు.

చెప్పొద్దూ, నాకు నషాళానికి అంటింది. "పిలవొద్దు, రాయొచ్చు. పేరు చెప్పండి" అని గట్టిగా అరిచాను. అతను నోటితో చెప్పలేదు. తమ్ముడి చేతిసంచీలోంచి ఒక కంపెనీ గుర్తింపు కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. నీలం తాడు, ఫోటోలో టై కట్టుకుని నవ్వుతున్న కుర్రాడు. దాని మీద చూసి పేరు రాసుకున్నాను. ఆ కంపెనీ అతన్ని ఎప్పుడో పంపేసిందని, అయినా కార్డు మాత్రం సంచీలో పెట్టుకుని తిరుగుతాడని తర్వాత తెలిసింది.

మంచం మీద పడుకోబెట్టాక నాడి పట్టుకుంటే వేళ్లకి అందనంత వేగంగా కొట్టుకుంటోంది. బీపీ బాగా పడిపోయింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కంటిపాప నల్లగుడ్డు అంచుల దాకా విచ్చుకుని, టార్చి వేసినా చిన్నది కావడం లేదు. పెదవులు పగిలి, నాలుక బల్లకి అంటుకున్న కాగితంలా ఉంది. చేతులు గాల్లో దేన్నో ఏరుతున్నాయి. ఒళ్లంతా తడిసి ఉంది కదా, చెమట అనుకున్నాను ముందు. అనుమానం వచ్చి చంకలో చెయ్యి పెట్టి చూశాను. అక్కడ నీళ్లు చేరలేదు. చెమట చుక్క కూడా లేకుండా ఎండిపోయి, వేడిగా కాలిపోతోంది.

"ఇతన్ని ఎందుకు తడిపారు?"

జరిగింది గురుస్వామి చెప్పాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉన్న బిల్డింగు డాబా మీద షామియానా వేసి వీళ్లు సన్నిధానం పెట్టుకున్నారు. మధ్యాహ్నం భిక్షకి ముందు భజన జరుగుతోంది. ఈ కుర్రాడు ఆ రోజు పొద్దున్నించీ ఒక మూల గోడకి ఆనుకుని ఉన్నాడు. భజన ఊపందుకున్నాక లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది, కళ్లు పెద్దవయ్యాయి, ఊగుతూ ఏదో గొణగడం మొదలుపెట్టాడు. చేతులు గాల్లోకి చాపాడు. పదేళ్లుగా మాల వేస్తున్నవాళ్ల మీదికే రాని స్వామి మొదటిసారి మాల వేసిన కన్నెస్వామి మీదికి వచ్చాడని అందరూ పరవశించిపోయారు. హారతి ఇచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు, కాళ్ల మీద పడ్డారు. అక్కడున్నది అంతా కోర్సులు చేసే పిల్లలే. ఒకడు తనకి ఉద్యోగం వస్తుందా స్వామీ అని అడిగాడట. ఇంకొకడు వీసా ఎప్పుడొస్తుందని అడిగాడట. వరసగా నిలబడి అడిగారు.

"ఏం చెప్పాడు?" అన్నాను.

"ఏమడిగినా ఒక్కటే మాట మాతా. నీళ్లు, నీళ్లు అన్నడు. అభిషేకం అడుగుతుండని బిందెలతోని తెచ్చి నెత్తిమీద పోసినం."

"తాగడానికి ఇచ్చారా?"

గురుస్వామి వెనక్కి తిరిగి మిగతావాళ్లని చూశాడు. "లే మాతా. తాగనీకి ఇయ్యలే" అన్నాడు.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుని లాగింది, ఈసీజీ తీద్దామని.

గంధం పూసిన ఛాతీ తుడిచి, మాలని ఒక పక్కకి జరిపి, వైర్లు పెట్టాం. కాగితం బయటికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కాగితం మీద ఒక గీత సన్నగా, నిటారుగా లేచి దిగాలి. ఇతని గీతలు లేస్తున్నాయి గాని సన్నగా లేవు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ప్రతి గీతా వెడల్పుగా ఉంది. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో సందు లేకుండా వస్తున్నాయి. మెడికల్ కాలేజీలో మా ప్రొఫెసర్ ఇలాంటి కాగితం ఒకటి మా ముందు పరిచి, ఇది గుండెకి వచ్చిన జబ్బు కాదు, కడుపులోకి వెళ్లినదాని పని అని చెప్పారు. ఆ కాగితం మళ్లీ చూస్తానని నేను అనుకోలేదు.

దిగులు జబ్బుకి వాడే పాతతరం మందులు కొన్ని ఉన్నాయి. మేం ట్రైసైక్లిక్‌లు అంటాం. డాక్టరు చెప్పినట్టు వేసుకుంటే అవి మంచి మందులే. నిద్ర పడుతుంది, అన్నం సహిస్తుంది, పొద్దున లేవాలనిపిస్తుంది. మోతాదు మించి ఒంట్లోకి వెళితే మాత్రం నేరుగా గుండెని పట్టుకుంటాయి. గుండెలో కరెంటు పరిగెత్తడానికి సోడియం లోపలికి వెళ్లే తలుపులు ఉంటాయి. ఈ మందు వాటిని మూసేస్తుంది. పరిగెత్తాల్సిన కరెంటు దేకుతూ వెళుతుంది, అందుకే గీత వెడల్పవుతుంది. ఇంకా ముదిరితే గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. కళ్లు విచ్చుకోవడం, నోరు ఎండిపోవడం, గాల్లో లేనివాటిని ఏరడం, ఇవన్నీ ఆ మందు చేసే పనులే. డాబా మీద వీళ్లు హారతి ఇచ్చింది వాటికే.

"ఏం మింగాడు?" అని అన్నని అడిగాను.

"ఏం మింగలే మాతా. మాలల ఉన్నడు. గోలీ సుత ముట్టడు."

"మాలకి ముందు ఏవైనా మందులు వాడేవాడా?"

అతను నా వైపు చూడలేదు. చుట్టూ ఉన్న స్వాముల వైపు చూశాడు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్లి తల దించుకున్నాడు. "లే" అన్నాడు.

అబద్ధం అని పసిపిల్లకైనా తెలుస్తుంది. గుంపునంతా బయటికి తోలాను. గురుస్వామిని కూడా వెళ్లమన్నాను. ఈలోగా సిస్టర్ సెలైన్ పెట్టి, సోడియం బైకార్బొనేట్ ఎక్కించడం మొదలుపెట్టింది. మన వంటింట్లో ఉండే సోడానే, సూదిమందుగా తయారుచేస్తారు. ఆ మూసుకున్న తలుపుల్ని తోసి తెరవడానికి మా దగ్గర ఉన్నది అదొక్కటే. పేరు తెలియకపోయినా ఇవ్వొచ్చు. కానీ పేరు తెలిస్తే ఎంతసేపు పోరాడాలో, ఏ మందులు దగ్గరికి రానీయకూడదో తెలుస్తుంది. నా అంచనా తప్పయితే వేరే జబ్బుని వదిలేసినట్టవుతుంది.

తలుపు మూసి అతని ఎదురుగా నిలబడ్డాను. "చూడండి, మీ తమ్ముడి గుండె ఆగిపోయేటట్టు ఉంది. మీరు ఇప్పుడు చెప్పేదాన్ని బట్టి నేను వైద్యం చెయ్యాలి. ఇక్కడ మీ స్వాములెవరూ లేరు."

అప్పుడు చెప్పాడు. వాళ్లది నల్గొండ దిక్కు. అమీర్‌పేటలో ఇతనికి జిరాక్స్ షాపు ఉంది, కోర్సుల మెటీరియల్ తీసి అమ్ముతాడు. ఆ అమ్మిన డబ్బుతోనే తమ్ముణ్ణి చదివించి ఉద్యోగంలో పెట్టాడు. ఉద్యోగం పోయాక తమ్ముడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు, తిండి మానేశాడు. ఖైరతాబాద్‌లో ఒక మానసిక వైద్యుడికి ఇతనే ఎవరికీ చెప్పకుండా చూపించాడు. ఆయన మందులు రాసిచ్చాడు. వేసుకున్నాక కొంచెం కొంచెంగా తేరుకున్నాడట, షాపులో వచ్చి కూర్చునేవాడట.

"మంచిగయిండు మాతా, మస్తు మంచిగయిండు. నవ్విండు సుత. మరి మాల ఏసినంక గా గోలీలు ఎట్ల ఏసుకుంటడు? పిచ్చి గోలీలని తెలిస్తే స్వాములు ఏమనుకుంటరు? నేనే బంద్ చేయించిన. దేవుడే నయం చేస్తడు, ఇరుముడి దించి వచ్చినంక చూద్దాం అన్న. మళ్ల మళ్ల కొనుడు ఎందుకని ఎక్కువ తెచ్చిపెట్టి ఉంటి. అవన్ని తీసి..."

"తీసి?"

"పీఠం మీద స్వామి పటం ఉంటది గద. పటం ఎనుక పెట్టిన. ఆడ ఎవరు చెయ్యి పెట్టరని."

దేవుడి పటం వెనక చెయ్యి పెట్టే ధైర్యం మాలలో ఉన్నవాడికి ఉండదని అతను నమ్మాడు. తమ్ముడికి ఆ మందులు ఒక్కసారిగా ఆపేస్తే లోపల ఏం జరుగుతుందో అతనికి తెలియదు. నిద్రలేని రాత్రులు, పాత దిగులు రెట్టింపై తిరిగి రావడం, ఇవన్నీ ఆ పిల్లాడు నేలమీద చాప మీద పడుకుని ఎవరికీ చెప్పకుండా భరించి ఉంటాడు.

నేను తలుపు తీసి గురుస్వామిని పిలిచాను. ఆయన దగ్గర సెల్‌ఫోను ఉంది, డాబా మీద ఉన్నవాళ్లకి చేసి పటం వెనక చూడమన్నాడు. కాసేపటికి జవాబు వచ్చింది. అట్టలు ఉన్నాయి, లోపల గోలీలు లేవు. అట్ట మీద పేరు చదవమన్నాను. ఒక్కొక్క అక్షరమే చదివి చెప్పారు. నేను అనుకున్న మందే.

గురుస్వామి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఊరుకోవచ్చు కదా నేను. ఊరుకోలేదు. "మాలలో మందులు మానెయ్యమని మీరే చెప్పారా?" అని అడిగాను.

"నేనట్ల ఎన్నడు చెప్పలే మాతా" అన్నాడు. అంగీ జేబులోంచి చిన్న డబ్బా తీసి చూపించాడు. "నాకు షుగరున్నది. ఇగో, భిక్షకు ముందల గోలీ ఏసుకుంటనే ఉంట. అడిగితే చెప్పకపోదునా."

అన్న ఆ డబ్బా వంక చూశాడు. అతని ముఖం చూడలేక నేను మంచం వైపు తిరిగాను. వెనక నుంచి అన్న గొంతు చిన్నగా వినపడింది, "షుగర్ వేరు గద స్వామీ. అది అడుగుతందుకు సిగ్గేముంది."

మా పెద్ద డాక్టరుగారు బంజారాహిల్స్‌లో ఇంటి దగ్గర మా ఫోను అందుకుని బయలుదేరి పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్ దాటి వచ్చేసరికి రెండో ఈసీజీ తీశాను. ఆ కాగితం చూసి నా కళ్లని నేను నమ్మలేదు. గీతలు సన్నబడ్డాయి. పూర్తిగా కాదు, అయినా తేడా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. బీపీ కూడా కొంచెం లేచింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అన్నకి చూపించాను. ఇది అప్పటిది, ఇది ఇప్పటిది, చూశారా, అన్నాను. అతనికి ఏం అర్థమైందో గాని సన్నగా ఉన్న గీతని వేలితో తడిమాడు. "బతుకుతడా మాతా?" అన్నాడు. "ఇలాగే ఉంటే బతుకుతాడు. ఇంకా ఫికర్ ఉంది, రేపటిదాకా కదలడానికి వీల్లేదు" అన్నాను, వాళ్ల మాటలోనే. అతను నా కాళ్లకి దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. మాలలో ఉన్నవాడు మొక్కాల్సింది నాకు కాదని చెప్పాను. ఆ కాసేపు మా అందరికీ ప్రాణం లేచివచ్చింది. బయట ఎవరో మెల్లగా శరణం పలుకుతున్నారు. నేను వద్దనలేదు.

తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఒకసారి వచ్చి తగ్గి, మళ్లీ వచ్చాయి. ఈ మందుతో ఫిట్స్ వస్తే రక్తంలో యాసిడ్, అంటే పులుపు, పెరుగుతుంది, పులుపు పెరిగితే మందు గుండెని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. మానిటర్ మీద గీతలు మళ్లీ వెడల్పయ్యాయి, ఇంకా వెడల్పయ్యాయి. తర్వాత గీతలు అనడానికి ఏమీ మిగలలేదు, ఎగుడుదిగుడు అలలే.

షాక్ ఇవ్వాలి. ఛాతీ మీద తులసి మాల, దానికి ఇత్తడి బిళ్ల ఉన్నాయి. కత్తెరతో తెంపేసేదాన్నే. అప్పటికే తలుపు దగ్గర నిలబడ్డ గురుస్వామి, "ఒక్క క్షణం మాతా" అని గబగబా వచ్చాడు. ఇప్పుడు మంత్రాలు మొదలుపెడతాడేమో, ఈయన్ని తోసెయ్యాలి అనుకున్నాను. ఆయన ఏ మంత్రమూ చదవలేదు. ఆ తలని ఒక చేత్తో పసిపిల్లాడి తలలా ఎత్తి, రెండో చేత్తో మాల తీసి, కళ్లకద్దుకుని పక్కకి తప్పుకున్నాడు. అదంతా నేను షాక్ ఇచ్చే ప్యాడిల్స్ అందుకునేలోపే అయిపోయింది.

షాక్ ఇచ్చాం. గుండె తిరిగి వచ్చింది, మళ్లీ పోయింది. బైకార్బొనేట్ మళ్లీ ఎక్కించాం. మా పెద్ద డాక్టరుగారు, నేను, సిస్టర్ వంతులవారీగా ఛాతీ నొక్కాం. సిస్టర్ అన్నని లోపలికి పిలిచి, "పిలవండన్నా, చెవి దగ్గర పెట్టి గట్టిగా పిలవండి" అంది. ఒక్కోసారి అలా పిలిస్తే వస్తారని ఆమె నమ్మకం. అతను వంగి, "స్వామీ" అన్నాడు. "స్వామీ, ఇటు చూడు. స్వామీ, నేను" అన్నాడు. బయట ఉన్న స్వాములందరూ ఆ పిలుపుకి తలుపు వైపు తిరిగి చూశారు. మంచం మీదున్నవాడు తిరగలేదు.

చీకటి పడకముందే అయిపోయింది. మా పెద్ద డాక్టరుగారు టైము చూసి చెప్పారు, నేను రాశాను. పోలీసులకి కబురు పంపాలి, పోస్టుమార్టం ఉంటుంది. ఆ మాటలు చెప్పాల్సిన పని కూడా నాదే.

ఇప్పుడు నాకు సొంత క్లినిక్ ఉంది. కార్తీకం వచ్చి, నల్లబట్టల్లో ఎవరైనా కుర్చీలో కూర్చుంటే నాడి చూడకముందే అడుగుతాను, ఏ మందులు ఆపారు స్వామీ, అని. షుగరు, బీపీ అయితే నవ్వి చెప్పేస్తారు. కొంతమంది పక్కన ఎవరున్నారో చూసుకుని మాట దాటేస్తారు. అప్పుడు వాళ్లతో వచ్చినవాళ్లని బయటికి పంపి, తలుపు వేసి మళ్లీ అడుగుతాను. మా ఆయన దీన్ని నా చాదస్తం అంటాడు. అననీ.

ఆ సాయంత్రం నేను వరండాలోకి వచ్చేసరికి అన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గురుస్వామి ఎదురుగా నిలబడి మెల్లగా చెబుతున్నాడు.

"స్వామీ, ఇంట్ల సావు అయింది. అంటు. మాల తియ్యాలె."

"నేను తియ్య."

"తప్పదు స్వామీ."

"నేను తియ్య స్వామీ. నా మెడల మాల ఉన్నదంటే నా ఇంట్ల సావు లేనట్టే గద. ఉండనీయుండి." తర్వాత నా వైపు తిరిగి, "మీరన్న చెప్పుండి మాతా. మాల ఉంటే సావు లేనట్టే గద" అన్నాడు.

కోపం రాని సందర్భాలు నా ఉద్యోగంలో ఎక్కువ లేవు. అప్పుడు రాలేదు. అతని మీద, ఆ గుంపు మీద, ఎవరి మీదా రాలేదు. ఏడుపు వచ్చింది. డ్యూటీలో ఉండి అందరి ముందూ ఏడ్చాను. సిస్టర్ కూడా ఏడుస్తోంది.

గురుస్వామి ఇంక అడగలేదు. అతని పక్కన బల్ల మీద కూర్చుని, జేబులోంచి తమ్ముడి మాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అన్న దాన్ని చాలాసేపు చూశాడు. చివరికి తనే రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి తన మాల తీశాడు. తీసి దాని పక్కనే పెట్టాడు. లేచి తమ్ముడున్న గదిలోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను.

మంచం పక్కన నిలబడి ముఖం మీది దుప్పటి తీశాడు. ఎండిపోయిన పెదవులు అలాగే ఉన్నాయి. అప్పుడు పేరు పెట్టి పిలిచాడు. నేను మధ్యాహ్నం కార్డు మీద చూసి రాసుకున్న పేరే, కానీ అంత పొడుగ్గా కాదు, ఇంట్లో పిలుచుకునేలా సగానికి కత్తిరించి పిలిచాడు. మాల వేసినప్పటి నుంచి అతను ఆ పేరు పలకడం అదే మొదలు. రెండోసారి కూడా పిలిచాడు. తల తిప్పి నన్ను చూసి, "అక్కా, జర నీళ్లు ఇస్తరా?" అన్నాడు.

అతనికే అనుకున్నాను. గ్లాసుతో తెచ్చి ఇచ్చాను. అతను తాగలేదు. తమ్ముడి మీదికి వంగి గ్లాసు ఆ పెదవుల దగ్గర పెట్టి, "నీళ్లు తాగుతవారా?" అని అడిగాడు.